జ్ఞానమ్మగారి బుధవారాలు

మదనపల్లె దాటి పుంగనూరు దారి పట్టాక ఎడమచేతి పక్కన ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. నలభై మంచాలు, మూడు వార్డులు, చుట్టూ నల్లరాతి ప్రహరీ. జనం దాన్ని రాతిగోడ ఆసుపత్రి అనేవాళ్ళు. ఇప్పుడది లేదు. 1940లో నేను నర్సు పని నేర్చుకోవడానికి అక్కడ చేరినప్పుడు ఆడవాళ్ళ వార్డు జ్ఞానమ్మగారి చేతిలో ఉండేది.

అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. తండ్రి మిషన్ బడిలో పంతులు. ఆమెకు పదిహేనో ఏట పెళ్ళయింది, ఇరవయ్యో ఏట భర్త కలరాతో పోయాడు. మరుసటి ఏడు ఆయాగా ఆసుపత్రిలో చేరి, నేల తుడిచే పనితో మొదలుపెట్టి, ముప్పై దాటాక నర్సు పరీక్ష పాసైంది. పొట్టి మనిషి. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. మంచం మీద దుప్పటి వంకరగా ఉంటే తనే సరిచేసి పోయేది తప్ప ఎవరు పరిచారని అడిగేది కాదు. తిడితే బాగుండుననిపించేది మాకు.

ఆమె జీవితం తలకిందులైంది 1942 ఆగస్టులో, ఒక సంత రోజు పగలు పదకొండు గంటలప్పుడు.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. మందులూ సీసాలూ మద్రాసు నుంచి సరిగా వచ్చేవి కావు. మామూలుగా పైపూత మందులు గరుకు సీసాల్లో వస్తాయి. చీకట్లో పట్టుకున్నా ఇది తాగేది కాదని చేతికే తెలిసిపోతుంది. నాలుగు నెలలుగా ఆ గరుకు సీసాలు రాలేదు. కాంపౌండరు ఇమ్మానుయేలు పూత మందును కూడా తాగే మందు పోసే నున్నటి సీసాల్లోనే పోసి చీటీలు అంటించి పంపుతున్నాడు. రెండూ ఒకే రంగు, వాసన కూడా ఇంచుమించు ఒకటే.

వార్డులో ఆదిలక్ష్మి అనే ఆమె ఉండేది. పుంగనూరు దగ్గర సేద్యగాళ్ళ ఇంటి కోడలు. కాన్పై తొమ్మిది రోజులైంది. జ్వరం తగ్గింది, ఎల్లుండి పంపేస్తామని చెప్పారు. బిడ్డను అత్త యశోదమ్మ ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కనే కూర్చునేది. ఆ పూట వార్డులో ఉండాల్సినవాళ్ళం ఇద్దరం, నేనూ, నర్సు యేసమ్మా. సంతకొచ్చిన జనమంతా అటే ఆసుపత్రికి వచ్చారని జ్ఞానమ్మగారు నన్ను బయట రోగులను చూసే గదికి పంపింది. యేసమ్మ ఒక్కతే ఇరవై మందికి మందులిస్తూ ఆదిలక్ష్మి గ్లాసులో తాగే మందుకు బదులు పూత మందు పోసింది.

పది నిమిషాల్లో ఆదిలక్ష్మికి నాలుక మొద్దుబారింది, చేతులు కొంకర్లు పోయాయి. డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఒంటి గంటకు ప్రాణం పోయింది.

ఏం జరిగిందో ఇంకా ఎవరికీ తెలియదు. యేసమ్మ బీరువా దగ్గరికి వెళ్ళి, సీసా తీసి వాసన చూసి, తిరిగి వచ్చి అందరి ముందూ చెప్పింది. "పూత మందు పోసినాను. నేనే పోసినాను." ఆమె చెప్పకపోతే ఆ చావు బాలింత జ్వరం కింద రాసుకునేవాళ్ళు. యశోదమ్మ ఆ మాట విన్నది. బిడ్డను ఇంకో చేతికి మార్చుకుంది.

మూడో రోజున విచారణ. నాలుగు వాక్యాల కాగితం. నర్సు అజాగ్రత్త వల్ల మరణం జరిగింది, ఆమెను పనిలోంచి తీసేస్తున్నాము. డాక్టరమ్మ సంతకం చేసింది, ఇమ్మానుయేలు చేశాడు, జ్ఞానమ్మగారు చేసింది. యేసమ్మకు ఇరవై రెండేళ్ళు. వార్డులో ఆమెంత నెమ్మదైన చెయ్యి ఇంకొకటి లేదు. తన పెట్టె తనే మోసుకుని కుప్పం బస్సెక్కి, రామకుప్పం పక్కన వాళ్ళ పల్లెకు పోయింది.

పది రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం జ్ఞానమ్మగారు మందుల బీరువా కడుగుతూ కింద కూలబడిపోయింది. ఒళ్ళు బాగలేదేమోనని నేను పరిగెత్తాను. ఆమె సీసాల వైపు చూస్తూ, జూలైలో మందుల గది కప్పు కారిందని పూత మందులన్నీ ఈ బీరువాలో పెట్టించింది తానేనని చెప్పింది. అప్పటిదాకా రెండు రకాలూ రెండు గదుల్లో ఉండేవి. ఆ సంగతే మరిచిపోయి కాగితం మీద సంతకం పెట్టానని అంది.

ఆ తర్వాత వారం రోజులు ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగింది. తప్పు ఎవరిదని అడగలేదు. ఆ చావుకు ముందు నీకేం తెలుసు అని అడిగింది. గరుకు సీసాలు అయిపోయాయని స్టోరు గుమాస్తాకు రెండుసార్లు చెప్పానన్నాడు ఇమ్మానుయేలు. చెప్పాడు, మద్రాసుకు రాశాను, జవాబు రాలేదు అన్నాడు గుమాస్తా. వంట దొరస్వామి, బంక దొరకడం లేదంటే చీటీలు అంటించడానికి తనే పిండి ఉడికించి ఇస్తున్నానన్నాడు. పిండికి బొద్దింకలు వస్తాయని అతనికి తెలుసు. ఆ రోజు పొద్దున్నే గేటు ముందు పదిహేడు బండ్లు నిలిచాయని, లోపల మనుషులు చాలరని తనకప్పుడే అనిపించిందని చెప్పాడు గేటు చెంగయ్య. చివరగా వార్డు తుడిచే బుజ్జమ్మను అడిగింది.

"బొద్దింకలు కొరికి చీటీలు రాలిపోతాండాయి. దినామూ చిమ్మేది నేనే గదమ్మా. ఆ ముక్కలు నేనే ఎత్తిపోసినాను" అంది బుజ్జమ్మ.

"మరి చెప్పలేదేమి?"

"ఎవురికి చెప్పల్ల? చెప్పే తావు యాడుండాది మాకు?"

ఆ మాట జ్ఞానమ్మగారి మనసులో గుచ్చుకుంది. ఇంతమందికి తలా ఒక ముక్క తెలుసు. ఆ ముక్కలన్నీ ఒకచోట చేరి ఉంటే ఆదిలక్ష్మి బిడ్డనెత్తుకుని ఇంటికి పోయేది. ఎవరి పని వాళ్ళు సరిగానే చేశారు. ఒకరి పని ఇంకొకరి పనికి తగిలే చోట మాత్రం ఎవరూ లేరు. ఆసుపత్రి అంటే ఇన్నాళ్ళూ డాక్టరమ్మ, నర్సులు, మంచాలు అనుకున్నానని, అసలు ఆసుపత్రి ఆ మధ్య చోట్లలో ఉందని ఆమె నాతో అంది. నాకప్పుడు సగమే అర్థమైంది.

ఇదంతా రాసి డాక్టరమ్మకు చూపించింది. ఆమె అమెరికా నుంచి వచ్చి పాతికేళ్ళైన ముసలామె. కాగితం రెండుసార్లు చదివి, తప్పుడు కాగితం మీద మనం సంతకాలు పెట్టాం అంది. యేసమ్మను తిరిగి రమ్మని తన చేత్తో ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరాన్ని టపాలో వేయడానికి జ్ఞానమ్మగారు ఒప్పుకోలేదు. తోడుగా నన్ను తీసుకుని తనే బయలుదేరింది. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచే రోజులు. మిట్ట వచ్చినప్పుడల్లా మమ్మల్ని దింపి నడిపించారు. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట దాటి కుప్పం చేరేసరికి ఇద్దరి మొహాలూ మసి. ఆ రాత్రి సంఘం పాస్టరుగారింట్లో పడుకుని, మర్నాడు ఒంటెద్దు బండి మీద వాళ్ళ పల్లెకు పోయాము.

యేసమ్మ చేనిలో ఉంది. ముందురోజు అడవిపందులు దిగి రాగి పైరు తొక్కేశాయట. పడిపోయిన మొక్కలను వాళ్ళ నాయనతో కలిసి లేపి మన్ను సర్దుతోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని గట్టు మీద కూర్చుంది. జ్ఞానమ్మగారు ఉత్తరం చదివి వినిపించింది, తర్వాత తను రాసిన కాగితం. సీసాలు, పిండి, బొద్దింకలు, కారిన కప్పు, నన్ను బయటి గదికి పంపడం. ఒక్కొక్కటీ చదువుతూ ఇందులో నాది ఇంత ఉండాది, వాళ్ళది ఇంత ఉండాది అని వేళ్ళు మడిచింది. యేసమ్మ అంతా విన్నది.

"ఏడు మంది ఉండొచ్చక్కా. పది మంది ఉండొచ్చు. గ్లాసు పట్టుకున్నది నేను. ఆయమ్మ నన్ను సూసి నవ్వి తాగింది" అంది.

జ్ఞానమ్మగారు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

లోపలికి రమ్మని యేసమ్మ తల్లి పిలిచి మజ్జిగ ఇచ్చింది. ఆ తల్లే నాకు చాటుగా చెప్పింది, వచ్చినప్పటి నుంచి బిడ్డ ఎవరికీ గ్లాసుతో నీళ్ళు కూడా అందివ్వడం లేదని. చెంబు కింద పెట్టి, మీరే తీసుకోండి అంటుందట. మేము పోయేటప్పుడు యేసమ్మ బండి దాకా మాత్రమే వచ్చింది. జ్ఞానమ్మగారి కాళ్ళకు దండం పెట్టబోతే ఈమె పట్టుకుని లేపింది. తిరుగు బస్సెక్కాము. పలమనేరు దగ్గర బస్సు ఆగినప్పుడు జ్ఞానమ్మగారు, "ముందే అడిగి ఉంటే ఈ కాగితంతో పని లేదు గ్లోరీ" అంది.

యేసమ్మ రెండేళ్ళకు విషజ్వరంతో పోయింది. ఆసుపత్రికి తీసుకుపోతామంటే ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

బుధవారాలు మొదలైంది 1942 నవంబరులోనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట సేపు వెనక వరండాలో అందరం చాపల మీద కూర్చోవాలి. నర్సులు, కాంపౌండరు, గుమాస్తా, వంటవాళ్ళు, తుడిచేవాళ్ళు, గేటు మనిషి, వీలైతే డాక్టరమ్మ. ఆ వారం ఎక్కడ ఏం తప్పిందో, ఎక్కడ తప్పబోయిందో చెప్పుకోవాలి. ఎవరు చేశారు అని అడగకూడదు. ఎట్లా జరిగింది అని అడగాలి. ఇదీ ఆమె పెట్టిన కట్టడి.

మొదటి రెండు వారాలు ఎవరూ మాట్లాడలేదు. తుడిచేవాళ్ళతో ఒకే చాప మీద కూర్చోలేక పెద్ద నర్సులిద్దరు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. క్రైస్తవులమైతే అయ్యాము గాని ఆ పట్టింపులు మమ్మల్ని వదల్లేదు. జ్ఞానమ్మగారు వాళ్ళను కూర్చోమనలేదు. తను పోయి బుజ్జమ్మ పక్కన మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. మూడో వారం తనే మొదలుపెట్టి, కప్పు కారిన సంగతి, మందులు మార్పించిన సంగతి, మరిచిపోయి సంతకం చేసిన సంగతి అందరి ముందూ చెప్పింది. నిలబడ్డవాళ్ళలో ఒకామె కూర్చుంది.

అప్పుడు చెంగయ్య లేచాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి, పుంగనూరువాడు, ఇరవై రెండేళ్ళుగా గేటు దగ్గర ఉన్నాడు.

"ఎండపొద్దున నాకు కండ్లు మూసుకుపోతాయి తల్లీ. వయసు. మొన్న మా ఊరి పక్కనుంచే ఒక బండి వచ్చి గంట సేపు బయటే నిలిచిపోయింది. లోపల కాన్పు నొప్పుల మనిషి. నేను నిద్రపోతాండాను" అన్నాడు.

ఎట్లా చేస్తే బండి ఆగదు అని జ్ఞానమ్మగారు అడిగింది. గేటుకు బయట ఒక గంట వేలాడదీసి, బండి మీద కూర్చున్నవాడి చేతికందేలా తాడు కట్టాలన్నాడు దొరస్వామి. తన వంటగది గంటే ఇచ్చాడు. మర్నాటికి అది గేటుకు వేలాడింది. ఆ తర్వాత ఏ బండీ బయట నిలవలేదు.

అలా ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. పూత మందు సీసాల మెడకు ఎర్ర దారం చుట్టి ముడివేయమని చెప్పింది బుజ్జమ్మ, ఎందుకంటే దారాన్ని బొద్దింకలు తినవు. మధుమేహం వాళ్ళకు ఇవ్వకూడని గంజి ఎవరికి పోతోందో వంటవాళ్ళు చెప్పేదాకా మాకు తెలియదు. ఒక చిన్న నర్సు, రెండు మంచాల మధ్య జ్వరం చీట్లు మారిపోయాయని ఏడుస్తూ చెప్పింది. ఏడవాల్సిన పనిలేదని, చీటీ మంచానికి కాక మనిషి చేతికి కడదామని అనుకున్నాము. చావులు ఎన్ని తగ్గాయో నాకు తెలియదు, లెక్క తీయలేదు. పనికి పోయేటప్పుడు ఉండే బెదురు మాత్రం తగ్గింది. తప్పు చేస్తే దాచుకోవాలనే ఆలోచన మెల్లగా మా నుంచి పోయింది. అట్లాంటి చోట నేను మళ్ళీ ఎన్నడూ పని చేయలేదు.

చెప్పినవన్నీ జ్ఞానమ్మగారు ఒక పొడుగాటి పుస్తకంలో రాసేది. మొదట్లో పేర్లు రాయలేదు. ఒక బుధవారం చెంగయ్య దగ్గరికొచ్చి, గంట సంగతి రాసినావా తల్లీ అని అడిగాడు. రాశానని చూపించింది. ఇందులో నా పేరు యాడుండాది అన్నాడు. లేదంటే ముఖం చిన్నబోయింది. చదువురాని మనిషి, జన్మలో ఒక్క పుస్తకంలోనూ పేరు పడని మనిషి. ఆమె కలం తీసుకుని పక్కన "చెంగయ్య" అని రాసింది. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నాడు. అప్పటి నుంచి అందరూ తమ పేరు రాయమన్నారు, అందరికీ రాసింది. మూడున్నర ఏళ్ళలో ఆ పుస్తకం నిండి రెండోది మొదలైంది.

1946లో డాక్టరమ్మకు గుండె జబ్బు వచ్చి తన దేశానికి పోయింది. కొత్త డాక్టరు యువకుడు, రోగుల పని తప్ప ఇంకొకటి పట్టించుకునేవాడు కాదు. ఆసుపత్రి నడపడానికని మద్రాసు నుంచి జయరత్నంగారు అనే మేనేజరును పంపారు. యుద్ధకాలంలో సైన్యం సామాన్ల డిపోలో పెద్ద ఉద్యోగం చేసిన మనిషి. చెడ్డవాడని నేననను. మరుగుదొడ్లకు సిమెంటు వేయించాడు, నాలుగేళ్ళుగా కారుతున్న కప్పు బాగుచేయించాడు. ప్రతి పనికీ ఒక మనిషి, ప్రతి మనిషికీ పైన ఒక మనిషి ఉండాలనేది ఆయన నమ్మకం. ఎవరి పనులేవో పట్టికలు రాయించి గోడలకు అంటించాడు. బుధవారం కూర్చోవడం చూసి ఇదేమిటని అడిగాడు.

జ్ఞానమ్మగారు సంతోషించింది. అడిగినవాడు ఆయనొక్కడే. నాలుగేళ్ళ కథంతా చెప్పి, రెండు పుస్తకాలూ తనే తీసుకుపోయి ఆయన చేతికిచ్చింది. కొట్టివేతలు ఉన్న పుటలను అంతకుముందు రెండు సాయంకాలాలు కూర్చుని మళ్ళీ శుభ్రంగా రాసింది కూడా. ఆయన చదివితే మద్రాసుకు రాస్తాడు, మిగతా ఆసుపత్రుల్లో కూడా ఇట్లా కూర్చుంటారు అని నాతో అంది. ఆమె అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

పదిహేను రోజుల తర్వాత, యుద్ధం అయిపోయింది కాబట్టి ఖర్చు తగ్గించి మనుషులను తీసేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరిని తీయాలో మేనేజరుగారు వెతుక్కోనక్కర లేకపోయింది. చెంగయ్యకు కాగితం వచ్చింది. పని వేళలో నిద్రపోయినట్టు తానే ఒప్పుకున్నాడు, అందువల్ల తీసేస్తున్నాము. జ్వరం చీట్లు మారాయని ఏడ్చిన నర్సును తీసేశారు. బుజ్జమ్మను వార్డులోంచి తప్పించి మరుగుదొడ్ల పనికి వేశారు. మందు కొలతలో ఒకసారి పొరబడ్డానని చెప్పుకున్న ఇమ్మానుయేలుకు హెచ్చరిక కాగితం.

జ్ఞానమ్మగారు ఆఫీసు గదికి పోయింది. తలుపు తెరిచే ఉంది, నేను వరండాలోంచి విన్నాను.

"అవి తప్పుల చిట్టా కాదయ్యా. తప్పులు జరక్కుండా చేసిన పనుల పుస్తకం" అంది.

"నేను ఒక్క మాట కల్పించలేదమ్మా. అన్నీ వాళ్ళు చెప్పినవే, మీరు రాసినవే" అన్నాడాయన. గొంతు హెచ్చించలేదు. "ఇద్దరిని తీయమన్నారు. తప్పు చేయనివాళ్ళను తీయమంటారా?"

"చెప్పినవాళ్ళను తీసినారు. చెప్పనివాళ్ళు ఉండారు. రేపటి నుంచి ఎవరు చెప్తారు?"

"చెప్పాల్సిన పనిలేదు. చూసుకోవడానికి ఇప్పుడు పైన మనుషులున్నారు."

పుస్తకాలు తిరిగి ఇమ్మని అడిగింది. ఆసుపత్రి రికార్డులయ్యాయి, ఇవ్వడం కుదరదన్నాడు.

మరుసటి ఆదివారం గుడిలో ఆరాధన అయిపోయాక ఆమె పుంగనూరు పోయింది. తోడుగా నేను. చెంగయ్య ఇల్లు ఊరి చివర, ఒకే గది. ఆయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, తలగుడ్డ తీసి, దొడ్డివైపు పోయాడు. భార్య మునిరత్నమ్మ చాప వేసింది. జ్ఞానమ్మగారు కూర్చోలేదు, నిలబడే క్షమించమని అడిగింది.

మునిరత్నమ్మ గుమ్మంలోనే కూర్చుంది. "బుధారం వచ్చిందంటే తెల్లపంచె కట్టుకునేవాడమ్మా. ఈ పొద్దు నేను మాట్లాడల్ల అనేవాడు. ఇంట్లో నాతోనే అన్ని మాటలు మాట్లాడిన మనిషి కాదు. నమ్మి చెప్పినాడు." చెంగు సర్దుకుని, "నీ మీద కోపం లేదంటాడు. ఉంటే బాగుండు" అంది.

దొడ్లోంచి చెంగయ్య రాలేదు. మేము బస్సు వేళ దాకా ఉండి వచ్చేశాము.

ఆ పై బుధవారం చాపలు వేసింది ఆమె. నేనూ ఆమే కూర్చున్నాము. ఇంకెవరూ రాలేదు. వంటగదిలోంచి గిన్నెల చప్పుడు వినపడుతూ ఉంది, అందరూ అక్కడే ఉన్నారు. అరగంట కూర్చుని, చాపలు చుట్టి, లేచి పోయి రాజీనామా రాసింది. దాదాపు పాతికేళ్ళు చేసిన చోటు. వీడ్కోలు సభ పెడతామంటే వద్దంది.

కుప్పంలో రైలు స్టేషను దగ్గర సంఘంవాళ్ళు ఒంటిగది డిస్పెన్సరీ నడిపేవాళ్ళు. 1947 మొదట్లో అందులో చేరింది. నర్సూ తనే, కాంపౌండరూ తనే, తుడిచేదీ తనే, తాళం వేసేదీ తనే. మనుషులు కలిసి పని చేయడం గురించి అంత ఆలోచించిన మనిషి చివరికి ఒంటరిగా పని చేసింది. సంఘం పెద్దలు సాయానికి ఒకరిని పెట్టుకోమన్నా వద్దనేదట. ఇంకొకరి తప్పు తన చేతిలో పడటం ఆమెకిక ఇష్టం లేదనుకుంటాను. లేక తన తప్పు ఇంకొకరి మీద పడటమో. ఆమెను అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

1949 వేసవిలో ఒకసారి చూడబోయాను. చిక్కిపోయింది, పొడి దగ్గు. ఇనుప బల్ల మీద ఒక కూలివాడి కాలిపుండు కడుగుతోంది. ఆసుపత్రి ఎట్లుండాది అని అడిగింది. శుభ్రంగా ఉందని, పట్టికలన్నీ వేళకు నిండుతున్నాయని, ఎవరూ ఏమీ మాట్లాడరని చెప్పాను. పోయిన ఏడు మగవాళ్ళ వార్డులో ఒక రోగి ఉన్నట్టుండి చనిపోయాడని, ఎట్లా చనిపోయాడో ఇంతవరకు ఎవరికీ తెలియదని చెప్పాను.

ఆమె కట్టు కట్టడం ముగించి కూలివాణ్ణి పంపేసింది. అప్పుడు నేను ఇంకొకటి చెప్పాను. ఆ మనిషికి పొద్దున ఇవ్వాల్సిన మందు నేనివ్వలేదు. నేను పోయేసరికే, మందు ఇచ్చినట్టు పట్టికలో టిక్కు పెట్టి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. మందిచ్చే సమయానికి మనిషి మంచం మీద లేడు, కడుక్కోవడానికి పోయి ఉంటాడని, మందు ఎవరో ఇచ్చే ఉంటారని ఊరుకున్నాను. అది అడిగితే టిక్కు పెట్టినవాళ్ళకు ముప్పు, అడగకపోతే నాకు నిద్రలేదు. పది నెలలుగా ఎవరికీ చెప్పలేదు.

ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆమె ఏదో అడుగుతుందని, ఎట్లా జరిగిందని ఒక్కొక్కటే విప్పుతుందని ఎదురుచూశాను.

"చెప్పడానికి నీకొక తావు లేకుండా చేసినాను గ్లోరీ. ఆ పుస్తకం నేనే తీసుకపోయి ఇచ్చినాను" అంది.

అలా అనుకోవద్దని చెప్పాను గాని, నా మాట ఆమెకు చేరలేదు.

తిరిగి వచ్చాక ఆ సంగతి ఎవరికైనా చెబుదామనే అనుకున్నాను. రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా పోయాను. చెప్పలేదు. నాకప్పటికి పెళ్ళై, ఒక బిడ్డ. ఉద్యోగం పోతే ఎట్లా అనుకున్నాను. ఈ పొద్దు రాస్తున్నాను గాని, రాసినందువల్ల పోయేదేమీ లేదిప్పుడు.

ఆ ఏడు డిసెంబరు మొదట్లో కుప్పం పాస్టరుగారి దగ్గర్నుంచి ఆసుపత్రికి తంతి వచ్చింది. జ్ఞానమ్మగారు పోయింది, రేపు మధ్యాహ్నం భూస్థాపన. ఎవరైనా పోతారా అని మేనేజరుగారు అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. మా అత్తకు ఒంట్లో బాగలేదని అబద్ధం చెప్పి నేను సెలవు తీసుకున్నాను.

మర్నాడు పొద్దున బస్సెక్కితే ముందు సీట్లో ఇమ్మానుయేలు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. వెనక దొరస్వామి. చివర కింద మూట పక్కన బుజ్జమ్మ. ఎవరికి వారు ఏదో ఒక అబద్ధం చెప్పి వచ్చామని అందరికీ తెలుస్తూనే ఉంది. పుంగనూరులో బస్సాగినప్పుడు చెంగయ్య ఎక్కాడు. తెల్లపంచె కట్టుకున్నాడు. ఆయనకు కబురు ఎట్లా చేరిందో తెలియదు. దొరస్వామి కాస్త జరిగి చోటిచ్చాడు.

కుప్పంలో ఊరి బయట గుట్ట పక్కన సమాధుల తోట. ఆమె వైద్యం చేసిన కూలివాళ్ళు, సంఘంవాళ్ళు వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఆమెతో పనిచేసినవాళ్ళు ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని మా వైపు చూశారు. మేము ఐదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఎవరం ముందుకు పోలేదు. చెంగయ్య వంగి గుప్పెడు మన్ను తీసి వేశాడు. తర్వాత మేమూ వేశాము.

మర్నాడు పొద్దున్నే మేము నలుగురం డ్యూటీలో ఉండాలి. సాయంకాలం బస్సుకే తిరిగి వచ్చేశాము. పుంగనూరులో చెంగయ్య దిగిపోయాడు. మేము మదనపల్లెలో దిగి, ఒకరి తర్వాత ఒకరం, కొంచెం కొంచెం ఎడం ఇచ్చుకుంటూ, ఎవరి ఇండ్లకు వాళ్ళం పోయాము.